‘నార్మల్’ అని రాసే ముందు రెక్కలు లెక్కపెట్టించండి

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ వైద్య ఆరోగ్య శాఖల పెద్దలకు. ఎన్టీఆర్ వైద్య సేవ, ఆరోగ్యశ్రీ ట్రస్టుల అధికారులకు

అయ్యా, అమ్మా,

నాది పల్నాడు జిల్లా. ఒక నెట్‌వర్క్ ఆస్పత్రి హెల్ప్ డెస్క్‌లో పదకొండేళ్ళు ఆరోగ్యమిత్రగా పనిచేసి మానేశాను. మీ దగ్గరికి వచ్చే ఫైళ్ళు ఎలా తయారవుతాయో నాకు తెలుసు. వాటిని స్కాన్ చేసి పైకి పంపింది నాలాంటివాళ్ళమే. నా చేతుల మీదుగా ఎన్ని ఎకో (గుండె స్కాన్) రిపోర్టులు వెళ్ళాయో నేనెప్పుడూ లెక్కపెట్టుకోలేదు. రేషన్ కార్డులో పేరుకీ ఆధార్‌లో పేరుకీ ఒక్క అక్షరం తేడా ఉంటే ఫైలు ఆగిపోయేది. రోగి ఫొటో మసకగా ఉంటే వెనక్కి వచ్చేది. గుండె వాల్వ్‌కి ఎన్ని రెక్కలున్నాయో రిపోర్టులో రాయలేదని మాత్రం నేనున్న పదకొండేళ్ళలో ఒక్క ఫైలూ ఆగలేదు. ఈ ఉత్తరం ఆ ఒక్క విషయం గురించే.

మా తమ్ముడి సంగతి చెప్తాను. 2012లో వాడు పదో తరగతి. దసరా సెలవుల్లో జ్వరం వచ్చింది, మోకాళ్ళు నొప్పులన్నాడు. వారానికి తగ్గిపోయింది. అయినా అమ్మ ఊరుకోక పట్నంలో డాక్టరుకి చూపించింది. ఆయన స్టెత్ పెట్టి విని గుండెలో ‘మర్మర్’ ఉందన్నారు, అంటే ఉండకూడని చప్పుడు. రక్తపరీక్షలో ఏఎస్ఓ (గొంతు ఇన్ఫెక్షన్ ఆనవాలు) పెరిగిందని వచ్చింది. ఎకో చేశారు. రిపోర్టులో ‘రుమాటిక్ హార్ట్ డిసీజ్, మోడరేట్ ఏఆర్’ అని ఉంది. అంటే కీళ్ళవాతం జ్వరం గుండెకు పాకి అయోర్టిక్ వాల్వ్ పాడైందని, రక్తం వెనక్కి లీకవుతోందని. ఆ రోజు నుంచి 21 రోజులకో పెన్సిలిన్ సూది.

ఆ సూది వేయించుకున్నవాళ్ళకు తెలుస్తుంది అదేమిటో. సీసాలో పొడి ఉంటుంది, నీళ్ళు కలిపి బాగా ఊపాలి, చిక్కటి పాలలా అవుతుంది. సన్న సూదిలోంచి దిగదు, మధ్యలో అడ్డుపడుతుంది. లావు సూది పెట్టి పిరుదులో నెమ్మదిగా ఎక్కించాలి. ప్రతిసారీ ముందు ముంజేతి మీద టెస్ట్ డోసు, ఇరవై నిమిషాలు కూర్చోవడం. వేశాక ఆ రోజంతా కుంటుకుంటూ నడవడమే. ఊళ్ళో ఆర్ఎంపీ వేయనన్నాడు. పీహెచ్‌సీలో సిస్టరమ్మ, ‘రియాక్షన్ వస్తే మా మీదకొస్తుందమ్మా, పెద్దాస్పత్రికి తీసుకెళ్ళండి’ అంది. ఆమె భయం ఆమెది, తప్పుపట్టను. నాన్న బండి మీద ముప్ఫై కిలోమీటర్లు తీసుకెళ్ళేవాడు. పరీక్షల రోజైనా సరే, పెళ్ళి ముహూర్తమైనా సరే, క్యాలెండర్‌లో ఎర్ర సున్నా చుట్టిన రోజు తప్పేది కాదు. తొమ్మిదేళ్ళలో 150కి పైనే సూదులు.

ఏడాదికోసారి ఎకో. తొమ్మిదేళ్ళకు తొమ్మిది రిపోర్టులు, మూడు వేర్వేరు చోట్ల చేయించినవి. ఇవాళ అవన్నీ నా ముందే ఉన్నాయి. అయోర్టిక్ వాల్వ్ అన్న గడిలో ఆరింట్లో ‘థికెన్డ్’ అని ఉంది, అంటే మందమైందని. రెండింట్లో ‘నార్మల్’. ఒకదాంట్లో ఆ గడి ఖాళీ. అదే వాల్వ్ ఒక ఏడు మందమై, మరుసటి ఏడు నార్మలై, ఆ పై ఏడు మళ్ళీ మందమైంది! రోజుకి ఇరవై రిపోర్టులు స్కాన్ చేసే నాకు, సొంత తమ్ముడి కాగితాలు పక్కపక్కన పెట్టి చూడాలన్న ఆలోచన రాలేదు. అందరిలాగే నేనూ కింద లైను చూసేదాన్ని: ‘గుడ్ ఎల్వీ ఫంక్షన్, నో క్లాట్.’ అంటే గుండె బాగానే కొడుతోంది, గడ్డల్లేవు అని. అది చూసి హమ్మయ్య అనుకుని ఫైలు మూసేదాన్ని.

2021లో వాడికి ఎత్తు మీద పని చేస్తుంటే గుండె దడగా ఉంటోందని, మోటారు వైండింగ్ షాపు నుంచి మధ్యాహ్నమే ఇంటికి వచ్చేస్తున్నాడని అమ్మ ఫోన్ చేసింది. ఈసారి దూరమైనా ఒక పెద్ద నగరానికి తీసుకెళ్ళాను. అక్కడ ఎకో గదిలో ఒక యువ డాక్టరమ్మ ఉంది. వాణ్ణి ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టి, రొమ్ముటెముక పక్కన జెల్ రాసి ప్రోబ్ పెట్టింది. రెండు నిమిషాలు చూసి, ‘రుమాటిక్ అని ఎవరు చెప్పారమ్మా?’ అని అడిగింది. తొమ్మిదేళ్ళుగా అందరూ అంటున్నారు మేడమ్ అన్నాను. ‘రుమాటిక్ అయితే ముందు దెబ్బతినేది మామూలుగా మిట్రల్ అనే ఇంకో వాల్వ్. ఇతని మిట్రల్ ఇంత శుభ్రంగా ఉందేమిటి?’ అని తనలో తను అనుకున్నట్టు అంది.

తర్వాత ఆమె చేసింది నేను కళ్ళారా చూశాను. ప్రోబ్‌ను అదే చోట ఉంచి, గడియారం ముల్లు తిరిగే వైపు మెల్లగా తిప్పింది. అంతవరకూ పొడుగ్గా కనిపించిన గుండె, దోసకాయని అడ్డంగా కోసినట్టు గుండ్రంగా మారింది. మధ్యలో చిన్న వలయం. బొమ్మను ఆపి, ఒక్కో ఫ్రేమూ ముందుకీ వెనక్కీ జరిపింది. ‘మామూలు మనిషికి ఈ వాల్వ్ మూసుకున్నప్పుడు బెంజి కారు గుర్తులా మూడు గీతలు కనబడాలి. ఇక్కడ చూడండి’ అంది. నాకే తెలిసిపోయింది. చిన్నప్పుడు ఎక్కాల పుస్తకంలో ఉండే ఇంటూ గుర్తు. నాలుగు గీతలు, నాలుగు రెక్కలు. మూడు పెద్దవి, ఒకటి చిన్నది. నాలుగూ కలిసేచోట మధ్యలో సరిగా మూతపడని సందు, అందులోంచే లీకు.

‘ఇది జ్వరంతో వచ్చింది కాదమ్మా. పుట్టుకతోనే ఇంతే’ అంది.

తమ్ముడు అలా పడుకునే నా వైపు తిరిగి, ‘అక్కా, అయితే ఆ సూదులు?’ అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. ఆమె కూడా వెంటనే మానేయమనలేదు. గొట్టం మింగించి లోపలి నుంచి చేసే ఎకో చేశారు. దాంట్లో అనుమానానికి తావు లేకుండా తేలింది. గుండెకు రక్తం తీసుకెళ్ళే నాళాలు ఎక్కడ మొదలవుతున్నాయో, మహాధమని ఏమైనా ఉబ్బిందో చూడటానికి సీటీ తీశారు. ఈ లోపం ఉన్న కొందరిలో ఆ నాళాల మొదలు కూడా తేడాగా ఉంటుందట, రేపు ఆపరేషన్ చేయాల్సివస్తే సర్జన్‌కి ముందే తెలియాలట. పాత జ్వరం వివరాలన్నీ మళ్ళీ అడిగారు. ఏఎస్ఓ పెరగడమంటే గొంతులో ఆ బ్యాక్టీరియా ఎప్పుడో సోకిందని మాత్రమే చెప్తుంది, గుండెకు కీళ్ళవాతం వచ్చిందని కాదని వివరించారు. ఇద్దరు ముగ్గురు పెద్ద డాక్టర్లు కూర్చుని మాట్లాడుకున్నాకే సూదులు ఆపారు.

ఇక్కడ ఒక్క మాట మీకు కాదు, ఈ ఉత్తరం చదివే మిగతావాళ్ళకి. దయచేసి దీన్ని చూసి ఎవరూ సూదులు మానొద్దు. కీళ్ళవాతం గుండెజబ్బు మన దగ్గర నిజంగా ఉంది, అది ఉన్నవాళ్ళకు ఆ పెన్సిలినే కాపలా. మానాలా వద్దా అన్నది ఎకో చూసిన డాక్టరు చెప్పాలి, నేను కాదు.

మళ్ళీ మీ దగ్గరికి వస్తాను.

మీరు అనొచ్చు, నాలుగు రెక్కల వాల్వ్ అంటే లక్షల్లో ఒకటి, దాని కోసం పద్ధతులన్నీ మార్చుకుంటామా అని. ఈ ‘అరుదు’ అన్న మాట గురించి నేను కొంత చదివాను. ఎకో రాని రోజుల్లో ఈ లోపం శవపరీక్షలోనో ఆపరేషన్ బల్ల మీదో బయటపడేది. శవపరీక్షల లెక్క ప్రకారం 0.008 శాతం మందికి ఉందన్నారు. అమెరికాలో మేయో క్లినిక్ డాక్టర్లు 1990లో తమ ఎకోల లెక్క బయటపెట్టారు. 1982 నుంచి 1988 వరకు 60,446 మందిలో 8 మందికి దొరికింది. అదే లెక్కలో చివరి రోజులు, 1987-88 మాత్రం విడిగా తీస్తే 13,805 మందిలో 6 గురికి దొరికింది. అంటే 0.013 శాతం కాస్తా 0.043 అయింది. అమెరికా వాళ్ళ గుండెల్లో ఐదేళ్ళలో కొత్త రెక్కలు మొలిచాయా? లేదు కదా. మిషన్లు మెరుగయ్యాయి, చూసేవాళ్ళు నిదానంగా చూశారు. దొరికినవాళ్ళు మూడింతలయ్యారు.

ఉమ్మడి రాష్ట్రంలో 2011 జనాభా లెక్కల్లో మనం 8 కోట్ల 46 లక్షల మందిమి. తక్కువ లెక్క వేసుకున్నా దాదాపు 6,800 మంది, ఎక్కువ లెక్క వేసుకుంటే 36 వేల మంది నాలుగు రెక్కలవాళ్ళు మన మధ్య తిరుగుతూ ఉండాలి. వీళ్ళలో ఎంతమంది సంగతి మీ రికార్డుల్లో ఉంది? మీ ట్రస్టు డేటాలో ‘నాలుగు రెక్కలు’ అని వెతికి చూడండి. నా అనుమానం, వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు.

పోనీ నాలుగు రెక్కలు వదిలేద్దాం. మూడుకు బదులు రెండే రెక్కలతో పుట్టేవాళ్ళు నూటికి ఒకరో ఇద్దరో ఉంటారు. పుట్టుకతో వచ్చే గుండె లోపాల్లో అన్నిటికంటే ఎక్కువమందికి ఉండేది ఇదే. నూటికి ఒక్కరే అనుకున్నా మన రెండు రాష్ట్రాల్లో 8 లక్షల పైమాటే. వీళ్ళలో చాలామందికి యాభై ఏళ్ళ దాకా ఏమీ తెలియదు. ఆ తర్వాత వాల్వ్ గట్టిపడి బిగుసుకుంటుంది. కొందరికి మహాధమని ఉబ్బుతూ పోయి ఒకరోజు చీలుతుంది. ఊళ్ళో అది ‘నిన్నటిదాకా బాగానే ఉన్నాడు, గుండెపోటుతో పోయాడు’ అన్న మాటగా మిగిలిపోతుంది. రెండు రెక్కల వాల్వ్ ఉన్నవాళ్ళ తోబుట్టువుల్లో, పిల్లల్లో దాదాపు పదిమందిలో ఒకరికి అదే ఉండొచ్చంటారు. మొదటి మనిషి రిపోర్టులో ఆ మాట రాయకపోతే రెండో మనిషిని ఎవరు పిలిచి చూస్తారు?

ఈ రెండు రెక్కల విషయంలో ఒక తిరకాసు ఉంది, ఆ డాక్టరమ్మే వేరే క్లిప్ తెరిచి చూపించింది. వాల్వ్ మూసుకున్నప్పుడు దాంట్లోనూ మూడు గీతలే కనబడుతున్నాయి. వాటిలో ఒకటి నిజమైన గీత కాదు, రెండు రెక్కలు అతుక్కుపోయినచోట మిగిలిన మచ్చ. ఆ బొమ్మ చూసినవాళ్ళెవరైనా మూడు అనే అంటారు. గుండె కొట్టుకునే క్షణంలో, వాల్వ్ తెరుచుకున్నప్పుడు ఆపి చూస్తే అసలు సంగతి తెలిసింది. మూడు రెక్కలైతే ముక్కోణంలా విచ్చుకోవాలి. ఇది చేప నోరు తెరిచినట్టు తెరుచుకుంది. కాగితం మీద అచ్చేసిన ఒక్క ఫొటోతో ఇది ఎవరికీ చిక్కదు. కదిలే బొమ్మ కావాలి. ఇది చూసేదాకా నాకూ ఎకో అంటే ఫొటో అనే తెలుసు.

ఆ ఫొటోల గతి ఏమవుతుందో కూడా చెప్పాలి. ఈసీజీ గానీ ఎకో మిషన్ పక్కనుండే చిన్న ప్రింటర్‌లోంచి వచ్చే నల్లటి బొమ్మలు గానీ వేడికి అచ్చయ్యే కాగితాల మీద వస్తాయి. ఎండకి వెలిసిపోతాయి. మా నాన్న జాగ్రత్తపరుడు, తమ్ముడి మొదటి ఈసీజీనీ ఎకో బొమ్మల్నీ పాడవకుండా ఉండాలని బజార్లో లామినేషన్ చేయించాడు. లామినేషన్ మిషన్ వేడికి కాగితం మొత్తం నల్లగా మాడిపోయింది. ఆ నల్ల అట్టను ఇప్పటికీ బీరువాలో పెళ్ళి పత్రికల కింద దాచే ఉంచాడు. 2012 నాటి ఆ గుండె బొమ్మ ఎవరి దగ్గరా లేదు. చేసిన ఆస్పత్రిని అడిగితే, మిషన్‌లో మెమరీ నిండగానే చెరిపేస్తామన్నారు. మొదటిరోజే నాలుగు రెక్కలు కనబడ్డాయా, కనబడలేదా, ఇక ఎప్పటికీ తెలియదు.

టెక్నీషియన్లనో డాక్టర్లనో తిట్టడానికి నేనిది రాయడం లేదు. ఆ గది సంగతి నాకు తెలుసు. బయట నలభై మంది క్యూ. ఒక్కొక్కరికి ఐదు నిమిషాలు. లావుగా ఉన్నవాళ్ళకు, ఊపిరితిత్తుల జబ్బున్నవాళ్ళకు బొమ్మ సరిగా రాదు. ఏడిచే పసిపిల్లలకు గుండె నిమిషానికి నూటనలభై సార్లు కొట్టుకుంటుంటే రెక్కలు లెక్కపెట్టడం మాటలు కాదు. పైగా రిపోర్టు అంటే కంప్యూటర్‌లో ముందే టైపు చేసి ఉంచిన ఫారం. వాల్వుల నాలుగు గడుల్లోనూ ‘నార్మల్’ అని ఉంటుంది, తేడా కనబడితే మార్చాలి. మార్చడం మరిచిపోతే అదే వెళ్ళిపోతుంది. నేను డ్యూటీలో ఉండగా ఒక ఫైలు వచ్చింది. మిట్రల్ వాల్వ్ తీసేసి స్టీలు వాల్వ్ పెట్టిన ఒకాయన, ఆపరేషన్ తర్వాత రివ్యూకి వచ్చాడు. రిపోర్టులో ‘మిట్రల్ వాల్వ్: నార్మల్’ అని ఉంది. నేనూ మా డెస్క్ అమ్మాయీ నవ్వుకున్నాం. అప్పుడు నవ్వొచ్చింది.

ఆ ఫారంలో ‘కనబడలేదు’ అని రాయడానికి చోటు లేదు. నా గొడవంతా అదే. చూశాను, బాగుంది అన్నది ఒక సంగతి. చూడటానికి ప్రయత్నించాను, కనబడలేదు అన్నది వేరే సంగతి. అసలు చూడనేలేదు అన్నది ఇంకొకటి. మన ఫారం ఈ మూడింటినీ ‘నార్మల్’ అన్న ఒక్క మాటలో కలిపేస్తోంది. ‘కనబడలేదు’ అని రాసి ఉంటే తర్వాత చూసే డాక్టరు మళ్ళీ చూస్తాడు, ఇంకోచోటికి పంపిస్తాడు, గొట్టం ఎకోనో సీటీనో ఎమ్మారైనో చేయిస్తాడు. ‘నార్మల్’ అని ఉంటే ఎవరూ ఆ గడి వైపు తిరిగి చూడరు. మాకు తొమ్మిదేళ్ళు పట్టింది అందుకే.

కాబట్టి నేను అడిగేది కొత్త మిషన్లు కాదు. మిషన్లు చాలావరకు ఉన్నాయి. మీ ట్రస్టుల చేతిలో ఉన్న ఒక పట్టు గురించి అడుగుతున్నాను. డబ్బు కట్టే ముందు కాగితం అడిగే అధికారం మీది. 2007లో మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో ఈ పథకం మొదలైనప్పటి నుంచి మీరు ఏ కాగితం అడిగితే ఆస్పత్రులు ఆ కాగితం నేర్చుకున్నాయి. మీరు ఫొటో అడిగారు, ప్రతి వార్డులో కెమెరా వచ్చింది. రేపటి నుంచి గుండె వాల్వ్‌కి సంబంధించిన ఏ ఫైలైనా, అయోర్టిక్ వాల్వ్‌కి ఎన్ని రెక్కలు, తెరుచుకున్నప్పుడు చూశారా మూసుకున్నప్పుడు చూశారా, కనబడకపోతే ‘కనబడలేదు’ అని రాసి ఉండాలి, దాంతోపాటు ఆ అడ్డకోత వ్యూలో రెండు మూడు సెకన్ల కదిలే క్లిప్ ఉండాలి అని ఒక్క సర్క్యులర్ ఇవ్వండి. మొదటి నెల గోల చేస్తారు. రెండో నెలకి అలవాటైపోతుంది. రేషన్ కార్డు అక్షరాలకు అలవాటుపడ్డట్టే.

ఆ క్లిప్ రోగికి కూడా ఇవ్వాలి. ఆబా (డిజిటల్ హెల్త్ ఐడీ) నంబర్లు ఇచ్చి హెల్త్ రికార్డులన్నీ ఫోన్‌లో ఉంటాయంటున్నారు కదా, అందులో మొదట చేరాల్సింది ఇలాంటివే. తమ్ముడి ఫోన్‌లో ఇప్పుడు ఆ ఇంటూ గుర్తు క్లిప్ ఉంది. ఏ ఊళ్ళో ఏ డాక్టరు దగ్గరికి వెళ్ళినా ముందు అది చూపిస్తాడు. షాపులో కస్టమర్లకి కూడా చూపిస్తాడు, ఆ సంగతి వేరే.

ఇంకొకటి. పదిహేనేళ్ళ పిల్లాడికి ఏళ్ళ తరబడి సూది రాసే ముందు, ఆ క్లిప్పులు పిల్లల గుండె చూడటంలో అనుభవమున్న ఇంకొకరు ఒకసారి చూసే ఏర్పాటు చేయండి. రోగి కదలక్కర్లేదు, బొమ్మ కదిలితే చాలు. హైదరాబాద్‌లో నిమ్స్ ఉంది. తిరుపతిలో 2021 అక్టోబరులో తెరిచిన శ్రీ పద్మావతి చిన్నపిల్లల హృదయాలయం ఉంది. 1991 నుంచి పైసా తీసుకోకుండా గుండె ఆపరేషన్లు చేస్తున్న పుట్టపర్తి ఆస్పత్రి ఉంది. వీళ్ళతో మాట్లాడి వారానికి రెండు గంటలు అడగండి. మిట్రల్ శుభ్రంగా ఉండి అయోర్టిక్ ఒక్కటే లీకవుతున్న పిల్లల ఫైళ్ళు మాత్రం పంపినా సరే, మా తమ్ముడిలాంటివాళ్ళు కొందరు దొరుకుతారు.

పిల్లల ఆరోగ్య పరీక్షల కార్యక్రమం ఆర్‌బీఎస్‌కే గురించి కూడా రెండు మాటలు. 2013లో మొదలైన ఆ కార్యక్రమం కింద బండ్లలో వచ్చి బడుల్లో, అంగన్‌వాడీల్లో పిల్లల్ని చూస్తున్నారు. మంచి పని. దేశంలో ఏటా 2 లక్షలకు పైగా పిల్లలు గుండె లోపంతో పుడుతున్నారని, వాళ్ళలో ఐదో వంతు మందికి మొదటి ఏడాదిలోనే చికిత్స కావాలని అంచనా. నీలంగా మారిపోయే పిల్లల్ని, గట్టిగా మర్మర్ వినిపించే పిల్లల్ని ఆ టీములు పట్టుకుంటున్నాయి. వేలికి పెట్టే ఆక్సిజన్ మీటరుకీ స్టెత్‌కీ రెక్కల లెక్క అందదు. లీకు పెద్దది కానంతవరకు పిల్లాడు కబడ్డీ ఆడుతూనే ఉంటాడు. అందుకే అనుమానం వచ్చి ఎకో దాకా చేరిన ఒక్క పిల్లాణ్ణయినా సరిగా చూడాలంటున్నాను. అంతదూరం వచ్చినవాడిని గడిలో ‘నార్మల్’ అని రాసి పంపేస్తే, ఆ బండి ఊళ్ళు తిరిగినదంతా వృథాయే కదా.

కడుపులో ఉండగానే దొరికే లోపాలూ ఉన్నాయి. ఎబ్‌స్టైన్ అన్న పేరు విన్నారేమో, కుడివైపు వాల్వ్ ఉండాల్సిన చోటు కంటే కిందకి జారిపోయి పుడుతుంది. విల్‌హెల్మ్ ఎబ్‌స్టైన్ అనే జర్మన్ డాక్టరు 1866లో పందొమ్మిదేళ్ళ కూలి కుర్రాడి శవపరీక్షలో దాన్ని మొదటిసారి చూసి రాశాడు. అప్పుడు చచ్చాక తెలిసింది, ఇప్పుడు తీవ్రంగా ఉంటే ఐదో నెలలో కడుపులో బిడ్డ అవయవాలు చూసే టిఫా స్కాన్‌లోనే తెలిసే వీలుంది, గుండె పెద్దగా కనబడుతుంది. అలా తెలిస్తే కాన్పు ఎక్కడ చేయించాలో ముందే చూసుకోవచ్చు. తెలంగాణలో 2022లో సర్కారు ఆస్పత్రులకు టిఫా మిషన్లు ఇచ్చారు, సంతోషం. అక్కడా అడిగేది ఇదే. నాలుగు గదులు కనబడ్డాయా, వాల్వులు ఉండాల్సిన చోటే ఉన్నాయా, బిడ్డ తిరిగి పడుకుని కనబడలేదా, అది రాయించండి. ‘బిడ్డ తిరగలేదు, వారం తర్వాత రండి’ అంటే మన ఆడవాళ్ళు వస్తారు. చెప్పకపోతే ఎలా వస్తారు?

చిన్న ఎకో మిషన్లు ఊళ్ళకు తీసుకెళ్ళాలంటే లింగ నిర్ధారణ నిషేధ చట్టం కింద రిజిస్ట్రేషన్లు, ఆంక్షలు ఉన్నాయని డాక్టర్లు అంటారు. ఆ చట్టం ఉండాల్సిందే, ఆడపిల్ల తల్లిగా గట్టిగా చెప్తున్నాను. గుండె క్యాంపులకు పారదర్శకంగా, త్వరగా అనుమతి ఇచ్చే దారి ఏదైనా ఉంటే మీరే చూడాలి. నాకంతకు మించి తెలియదు.

ఇక ఏఐ. ఈ మధ్య ఏ మీటింగులో చూసినా అదే, ఎకో బొమ్మలు కంప్యూటరే చూసి చెప్పేస్తుందంటున్నారు. చెప్పొచ్చు. కానీ అది నేర్చుకునేది మన పాత రిపోర్టుల నుంచే అయితే, మా తమ్ముడి బొమ్మకు పక్కన మనం రాసి పెట్టింది ‘నార్మల్’. అది అదే నేర్చుకుంటుంది.

ఎకో పుట్టిన కథ ఒకటి చదివి నాకు భలే అనిపించింది. 1953లో స్వీడన్‌లోని లుండ్ ఊళ్ళో ఇంగె ఎడ్లర్ అనే గుండె డాక్టరు, హెల్‌ముట్ హెర్ట్జ్ అనే ఫిజిక్స్ ఆయన కలిశారు. ఆపరేషన్ చేయకముందే మిట్రల్ వాల్వ్ సంగతి తెలుసుకోవాలన్నది డాక్టరు కోరిక. దగ్గర్లో మాల్మోలో ఓడలు కట్టేచోట, లోహంలో పగుళ్ళు పట్టుకునే యంత్రం ఒకటుంటే అరువు తెచ్చుకుని ప్రయత్నాలు మొదలుపెట్టారు. అంటే ఈ పరీక్ష మొదలైందే వాల్వ్ చూడటానికి. డెబ్భై ఏళ్ళు దాటాక మన ఫారంలో వాల్వ్ గడి ముందే నింపేసి ఉంటోంది!

తమ్ముడి సంగతి అడుగుతారేమో. బాగానే ఉన్నాడు. లీకు మోడరేట్‌గానే ఉంది, ఆపరేషన్ ఇప్పుడే అక్కర్లేదన్నారు. ఆర్నెల్లకోసారి చూపించుకోవాలి, పళ్ళు శుభ్రంగా ఉంచుకోవాలి, మరీ బరువులెత్తకూడదు. ఎడమ గది ఎంత పెరుగుతోందో మిల్లీమీటర్లలో కొలుస్తున్నారు, అది గీత దాటితే అప్పుడు వాల్వ్ మార్చాలి. ఆ రోజు వస్తే ఫైలు మీ దగ్గరికే వస్తుంది. ఆ ఫైల్లో ‘నాలుగు రెక్కలు’ అని రాసి ఉంటుంది, క్లిప్ జతచేసి ఉంటుంది. సూదులు మానేశాక మొదటి సంక్రాంతికి నాన్న కొత్త క్యాలెండర్ తెచ్చి గోడకి తగిలించి, ఎర్ర పెన్ను పట్టుకుని కాసేపు దాని ముందే నిలబడ్డాడు. అలవాటు.

ఈ ఉత్తరంతో తమ్ముడి తొమ్మిది పాత రిపోర్టుల జిరాక్సులు జతచేసి పంపుతున్నాను. ఆస్పత్రుల పేర్లు, డాక్టర్ల సంతకాలు తెల్ల ఇంకుతో చెరిపేశాను, ఎవరి మీదా ఫిర్యాదు కాదు కాబట్టి. వాటి పక్కన పదో రిపోర్టు కూడా ఉంది. పదింట్లోనూ అయోర్టిక్ వాల్వ్ అన్న గడి కింద పెన్సిల్‌తో గీత గీశాను. మీ ట్రస్టులో ప్రీఆథ్ (చికిత్సకు ముందస్తు అనుమతి) చూసే డాక్టర్లతో కూర్చుని ఒక్క పావుగంట వాటిని చూడండి. తర్వాత ఆ సర్క్యులర్ ఇస్తారో ఇవ్వరో, ఇవ్వకపోతే ఎందుకో రెండు లైన్లు రాయండి. కవరు మీద నా అడ్రసు ఉంది.

ఇట్లు
ఒక మాజీ ఆరోగ్యమిత్ర,
పల్నాడు జిల్లా